బెంగుళూరు నాగరత్నమ్మగారు

మన ఓబులదేవరచెరువు ప్రాంతమువారికి బెంగుళూరు కొత్త ఊరు కాదు. ఆ నగరము పేరునే ఇంటిపేరుగా ధరించిన విదుషీమణి నాగరత్నమ్మగారిని మాత్రము మనలో ఎందరెరుగుదురు?

ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కులమున జన్మించిరి. సంస్కృతాంధ్ర కర్ణాట భాషలభ్యసించి, మద్రాసులో గాయనిగా ప్రసిద్ధికెక్కిరి. 18వ శతాబ్దిలో తంజావూరు ఆస్థానకవయిత్రి ముద్దుపళని రచించిన శృంగారకావ్యము ‘రాధికాసాంత్వనము’ అసభ్యమని వీరేశలింగము పంతులుగారు నిందించిరి. స్త్రీయైయుండి అట్లు వ్రాయుటయే వారికి మిక్కిలి తప్పుగా తోచెను. వితంతువులకు వివాహములు జరిపించిన మహనీయుడే ఇట్లు తలంచుట మమ్ము నేటికిని ఆశ్చర్యపరచుచున్నది! సిగ్గు స్త్రీలకేనా, పురుషకవులకు వలదా యని నాగరత్నమ్మగారు తర్కించి, 1910లో ఆ కావ్యమును వావిళ్లవారిచే సమగ్రముగా ముద్రింపించిరి. మరుసటి యేడే ప్రభుత్వము దానిని నిషేధించెను. 1947లో ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము తొలగించువరకు ఆ నిషేధము నిలిచెను.

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆమె తన సొమ్ముతో మందిరము కట్టించిరి. అచ్చటి ఆరాధనోత్సవములలోనే స్త్రీలు పాడరాదని పెద్దల కట్టడి! ఆమె వెనుదీయక, 1927 నుండి స్త్రీలచేత వేరుగా ఆరాధన జరిపించిరి. 1940 ప్రాంతమున పక్షములన్నియు ఏకమై స్త్రీలకును అందు చోటు లభించెను. 1952లో గతించిన ఆమె సమాధి త్యాగరాజస్వామి సన్నిధిని చూచుచునే యున్నది.