సరిహద్దుకు ఇరువైపులా భారతి

సుబ్రహ్మణ్య భారతి పరాయి గడ్డకు చేరుకోవడానికి సముద్రం దాటలేదు. మద్రాసు నుంచి కొన్ని గంటల రైలు ప్రయాణం సరిపోయింది. 1882 డిసెంబరు 11న ఎట్టయపురంలో జన్మించిన ఆయనకు అప్పటికి ఇరవై అయిదేళ్లు. తెలుగు పలుకు తీపిని తమిళ పాటలో మెచ్చుకున్న కవిగా ఆయన తెలుగువారికి సుపరిచితులు.

1908లో ‘ఇండియా’ వారపత్రిక రాతలపై మద్రాసు ప్రభుత్వం కన్నెర్రజేసింది. సంపాదకుడిగా నమోదైన శ్రీనివాసన్‌ను అరెస్టు చేసింది. రాసింది భారతి, చెరసాల పాలయింది మరొకరు. మిత్రుల ఒత్తిడిపై ఆయన ఫ్రెంచివారి ఏలుబడిలోని పుదుచ్చేరికి తరలివెళ్లారు. ఆ ఏడాది అక్టోబరులోనే పత్రిక అక్కడి నుంచి మళ్లీ వెలువడింది. అచ్చు ఆపించే అధికారం బ్రిటిష్ వారికి లేకపోయినా, తమ ప్రాంతంలోకి పత్రిక రాకుండా అడ్డుకునే అధికారం ఉంది. పాఠకులంతా ఆవలివైపే ఉన్నందున 1910 మార్చి నాటికి పత్రిక మూతపడింది.

ఆ ఏప్రిల్‌లో అరవింద ఘోష్, అక్టోబరులో వి.వి.ఎస్. అయ్యర్ పుదుచ్చేరి చేరారు. 1911 జూన్ 17న మణియాచ్చి రైల్వే కూడలిలో కలెక్టర్ ఆష్‌ను వాంచినాథన్ కాల్చి చంపడంతో బ్రిటిష్ వారి అనుమానం పుదుచ్చేరిపై పడింది. వీధుల్లో గూఢచారుల సంచారం పెరిగింది. సుమారు ఆ కాలంలోనే ఫ్రెంచి ప్రభుత్వం విదేశీయుల నమోదు చట్టాన్ని అమలులోకి తెచ్చింది. బయటి నుంచి వచ్చినవారు పట్టణ ప్రముఖులు ఐదుగురి పూచీ చూపాలి. ఆ నిబంధన ఎవరిని ఉద్దేశించినదో ఊరంతటికీ తెలుసు. స్థానిక వర్తకుడు కల్వె శంకర చెట్టి పూనుకొని స్వదేశీల కోసం సంతకాలు సమకూర్చారు. చట్టం కాగితంపై కఠినమే గానీ, ఊరు వారి పక్షాన నిలిచింది.

మరొక ప్రయత్నమూ జరిగింది. అయ్యర్ ఇంటి బావిలో నీళ్లు తోడుతుండగా రాజద్రోహ పత్రాలున్న జాడీ బయటపడింది. స్వదేశీలే ముందుగా ఫ్రెంచి పోలీసులకు తెలియజేశారు. సోదాకు వచ్చిన మేజిస్ట్రేటుకు అరవిందుల ఇంట గ్రీకు, లాటిన్ గ్రంథాలు కనిపించాయి. చివరకు ఫిర్యాదు చేసిన వ్యక్తే బ్రిటిష్ ప్రాంతానికి పారిపోవలసి వచ్చింది.

ఇంతటి నిఘా నడుమనే, దారిద్ర్యంలో, ‘పాంచాలి శపథం’, ‘కుయిల్ పాట్టు’ రూపొందాయి. భారతి కావ్యజీవితంలో ఇంతకంటే ఫలవంతమైన దశ లేదు.

1914లో యుద్ధం మొదలయ్యాక బ్రిటన్, ఫ్రాన్స్ ఒకే పక్షాన నిలిచాయి. మిత్రదేశం కోరికను కాదనడం ఫ్రెంచి అధికారులకు కష్టమైంది. స్వదేశీలను అల్జీరియాకు పంపే ప్రతిపాదన ముందుకు వచ్చింది. తాను కదలబోనని అరవిందులు తేల్చిచెప్పడంతో అది సాగలేదు. అదే ఏడాది బ్రిటిష్ ఇండియా భారత ప్రవేశ ఆర్డినెన్సు జారీ చేసింది. దేశంలోకి వచ్చేవారిని నిర్బంధించేందుకు, వారి సంచారాన్ని పరిమితం చేసేందుకు అధికారులకు వీలు కలిగింది. ఆ నేలపై పుట్టినవారూ దానికి అతీతులు కారు.

యుద్ధం ముగిసిన కొద్దిరోజులకే, 1918 నవంబరు 20న, భారతి సరిహద్దు దాటారు. కడలూరు వద్ద పోలీసులు ఆయనను అదుపులోకి తీసుకున్నారు. అనీ బిసెంట్, సి.పి. రామస్వామి అయ్యర్ వంటివారి జోక్యంతో మూడు వారాలు దాటాక విడుదలయ్యారు. అయితే తిరునల్వేలి జిల్లాలోనే నివసించాలి, రచనలను ప్రచురణకు ముందే పోలీసులకు చూపాలి. కవికి రెండో షరతే భారమైనదని వేరే చెప్పనక్కరలేదు.

మాంటేగు, చెమ్స్‌ఫర్డు సంస్కరణల వెంట 1919 డిసెంబరులో చక్రవర్తి క్షమాభిక్ష ప్రకటన వెలువడింది. 1920లో ఆంక్షలు తొలగాయి. అయ్యర్ కూడా ఆ ఏడాదే స్వదేశం చేరగలిగారు. భారతి రాతలు అవే, అభిప్రాయాలూ అవే. మారింది లండన్, ఢిల్లీల విధానం.

భారతి మద్రాసులో ‘స్వదేశమిత్రన్’లో తిరిగి చేరారు. 1921 సెప్టెంబరులో తిరువల్లికేణిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 38 ఏళ్లు. ఏ షరతులూ లేకుండా స్వస్థలాన గడిపిన కాలం రెండేళ్లయినా లేదు.