గణనయంత్ర పితామహుడు చార్లెస్ బాబేజ్

కంప్యూటర్ అనే ఆంగ్లపదం ఒకప్పుడు యంత్రానికి పేరు కాదు. లెక్కలు కట్టడమే వృత్తిగా గల మనిషికి పేరు. నావికులు దారి తెలుసుకొనడానికీ, ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహగతులను నిర్ణయించడానికీ కావలసిన గణిత పట్టికలను అట్టివారు చేతితోనే తయారుచేసేవారు. లెక్కించేటప్పుడు కొన్ని, నకలు తీసేటప్పుడు కొన్ని, అచ్చు కూర్చేటప్పుడు మరికొన్ని తప్పులు దొర్లేవి. ఒక్క అంకె మారితే నడిసముద్రంలో ఓడకు ప్రమాదం వాటిల్లవచ్చును. ఈ దోషాన్ని సమూలంగా తొలగించాలని జీవితాన్ని ధారపోసిన మేధావి చార్లెస్ బాబేజ్.

లెక్కలకు సాధనాలు అంతకు పూర్వం లేకపోలేదు. పూసల చట్రం ప్రాచీనకాలం నుండి ఉన్నదే. 1642లో ఫ్రాన్సు దేశీయుడు బ్లేజ్ పాస్కల్ కూడికలు, తీసివేతలు చేసే చక్రాల యంత్రానికి రూపకల్పన చేశాడు. అయితే వాటిని అడుగడుగునా మనిషి చేయి నడిపించవలసిందే.

బాబేజ్ 1791 డిసెంబరు 26న లండన్‌లో ఒక బ్యాంకరు కుటుంబంలో జన్మించాడు. 1810లో కేంబ్రిడ్జిలో చేరి, అక్కడి గణితబోధన వెనుకబడి ఉన్నదని గ్రహించి, 1812లో మిత్రులతో కలిసి అనలిటికల్ సొసైటీని స్థాపించాడు. 1816లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

1, 4, 9, 16 అనే వర్గసంఖ్యల మధ్య తేడాలు 3, 5, 7. ఆ తేడాల మధ్య తేడా ఎల్లప్పుడూ 2. కనుక గుణకారంతో పనిలేకుండా కూడికలతోనే పట్టికను సాధించవచ్చును. ఈ సూత్రంపై 1822లో ఆయన ఒక చిన్న నమూనాను చేసి చూపాడు. దానికే డిఫరెన్స్ ఇంజన్ అని పేరు. మరుసటి సంవత్సరం పెద్ద యంత్ర నిర్మాణానికి బ్రిటిష్ ప్రభుత్వం ధనసహాయం ప్రారంభించింది.

1827లో తండ్రి, భార్య జార్జియానా, ఇద్దరు కుమారులు మరణించగా బాబేజ్ కృంగిపోయాడు. అయినా కార్యదీక్ష వీడలేదు. 1828లో ఒకనాడు న్యూటన్ అలంకరించిన ఆచార్య పీఠం ఆయనను వరించింది. కాని 1833లో యంత్రశిల్పి జోసెఫ్ క్లెమెంటుతో ఏర్పడిన వివాదం వల్ల పని నిలిచిపోయింది. సుమారు 17,000 పౌండ్లు వ్యయమైన పిమ్మట, 1842లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకొన్నది.

అప్పటికే ఆయన మనస్సు మరింత గొప్ప యంత్రంపై లగ్నమై ఉంది. అదే 1834లో ఊహించిన అనలిటికల్ ఇంజన్. అందులో సంఖ్యలను దాచే భాగం వేరు, లెక్కించే భాగం వేరు. పట్టుబట్టలపై చిత్రాలు నేసే జకార్డ్ మగ్గంలోని చిల్లుల అట్టల వంటివే ఈ యంత్రానికి ఆదేశాలిస్తాయి. వచ్చిన ఫలితాన్ని బట్టి తరువాతి పనిని మార్చుకొనే ఏర్పాటు కూడా అందులో ఉంది. 1843లో అడా లవ్‌లేస్ ఈ యంత్రాన్ని గురించిన ఒక ఫ్రెంచి వ్యాసాన్ని ఆంగ్లీకరించి, మూలాన్ని మించిన వివరణలను జతచేసింది. సంఖ్యలతోపాటు సంగీతం వంటి విషయాలకు కూడా ఇట్టి యంత్రం ఉపకరించవచ్చునని ఆమె ఊహించింది.

ముక్కుసూటితనం, ముక్కోపం బాబేజ్‌కు ఎందరినో దూరం చేశాయి. పూర్తికాకముందే కొత్త ఊహకు మళ్లడం కూడా ఆయనకు చేటు చేసింది. 1847–49 మధ్య డిఫరెన్స్ ఇంజన్‌కు రెండవ నమూనా చిత్రపటాలను గీసినా, దానికి ఆదరణ లభించలేదు. 1871 అక్టోబరు 18న, ఏ పెద్ద యంత్రమూ పూర్తికాకుండానే ఆయన కన్నుమూశాడు.

ఆ చిత్రపటాలు మాత్రం భద్రంగా నిలిచాయి. వాటి ఆధారంగా 1991లో లండన్ సైన్స్ మ్యూజియంవారు రెండవ నమూనాలోని గణనభాగాన్ని నిర్మించగా, అది 31 అంకెల వరకు తప్పులేకుండా లెక్కించింది. సంఖ్యలను దాచే భాగం, లెక్కించే భాగం అనే విభజన నేటి కంప్యూటర్లలోనూ ఉన్నదే.

జవాబు వరకు చేరకపోయినా, సోపానాలు సక్రమంగా వ్రాసిన విద్యార్థికి గణిత పరీక్షలో మార్కులు దక్కుతాయి. చార్లెస్ బాబేజ్‌కు ఆ మార్కులు దక్కడానికి మరణానంతరం 120 సంవత్సరాలు పట్టింది.