తత్త్వబోధక స్వామి

కాషాయం ధరించి, శాకాహారం భుజిస్తూ మదురైలో సన్యాసి వలె జీవించిన రాబర్టో దె నోబిలి, ఇటలీ దేశపు ఉన్నత వంశంలో 1577లో జన్మించారు. యేసుసభ గురువుగా 1605లో గోవా చేరి, మరుసటి ఏడు మదురై వచ్చారు. అప్పుడక్కడ తెలుగు నాయకరాజుల ఏలుబడి. తమిళం, తెలుగు, సంస్కృతం అభ్యసించి, పండితులతో వారి శాస్త్ర పరిభాషలోనే వాదించారు. వేషం మార్చుకున్నారే గాని కతోలిక విశ్వాసంలో ఆవగింజంతైనా సడలలేదు. జన్మలలోని హెచ్చుతగ్గులకు పూర్వజన్మ కర్మమే కారణమన్న సిద్ధాంతాన్ని ఖండిస్తూ తమిళంలో ‘పునర్జన్మ ఆక్షేపం’ రచించారు.

విచిత్రమేమంటే, ఆయనను ఎక్కువగా వేధించిన వాదం స్వమతస్థులదే. జంధ్యం, పిలక, చందనం కులమర్యాదకు గుర్తులే గాని పూజకు సంబంధించినవి కావని ఆయన వాదన. అవి అన్యమతాచారాలేనని తోటి గురువుల అభియోగం. 1619 గోవా సభలో ప్రతికూలత ఎదురైనా, 1623లో పోపు పదిహేనవ గ్రెగరీ కొన్ని నియమాలతో వాటిని అనుమతించారు. అయితే కడజాతుల వారికి ఎడంగా మెలగడం ఆ మార్గంలోని లోపమని చెప్పక తప్పదు. వారి కోసం 1640లో పండారస్వాములనే వేరు గురువులు బయలుదేరవలసి వచ్చింది.

చూపు దాదాపు కోల్పోయిన వృద్ధాప్యంలో, వాషర్‌మెన్‌పేటకు దక్షిణాన గల మైలాపూరులో తన రచనలను సవరించుకొంటూ గడిపి, 1656 జనవరి 16న అక్కడే పరమపదించారు.