పురాజంతువుల చిత్రకారుడు చార్లెస్ నైటు

సినిమాతెఱపై రాక్షసబల్లులను చూడని బాలుడు ఈ దినములలో అరుదు. చిన్నబిడ్డలు సైతము టిరానోసారసు అను పేరు తడబడక పలుకుచున్నారు. ఆ మృగము అఱచుటయు, పరుగెత్తుటయు, మనుష్యులను తఱుముటయు తాము కన్నులార చూచినట్లే వారు వర్ణింతురు. కాని ఆ మృగజాతి నశించి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములు గడచినవి. దానిని సజీవముగా చూచిన మనుష్యుడు లేడు. రాక్షసబల్లులకు సాక్ష్యముగా మనకు మిగిలినవి రాతిగా మాఱిన యెముకలు, దంతములు, గ్రుడ్లు, అడుగుజాడలు మున్నగునవి మాత్రమే. అట్లయినచో తెఱపై మనము చూచు రూపమును మొదట కల్పించినవారెవరు? అందు సత్యమెంత? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకువారు చార్లెస్ రాబర్టు నైటు అను చిత్రకారుని జీవితమును తెలిసికొనుట యవసరము. లోకమునకు పురాజంతువులను చూపిన ఈ మహనీయుని కన్నులే సరిగా కనబడెడివి కావు. ఆయన చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుపుదుము.

నైటు 1874వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన, నేడు న్యూయార్కు నగరములో చేరియున్న బ్రూక్లినునందు జన్మించెను. తండ్రి ఇంగ్లండునుండి వచ్చినవాడు; ప్రఖ్యాత ధనికుడగు మోర్గనుగారి కార్యాలయమున ఉద్యోగి. ఆ తండ్రి కుమారుని వెంటబెట్టుకొని న్యూయార్కులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు పోవుచుండెను. అచ్చటి మృగములను, పక్షులను చూచి బాలుడు ఇంటికి వచ్చి వానిని కాగితముపై గీయుచుండెను. పుట్టుకతోనే ఆయనకు దృష్టిదోషము కలదు. దానికితోడు ఆఱవయేట తోటిబాలుడు ఆటలో విసరిన రాయి కుడికంటికి తగిలి ఆ కన్ను చెడెను. జీవితాంతము ఆయన చూపు మందముగానే యుండెను. ప్రత్యేకముగా చేయించిన కండ్లద్దములు ధరించి, ముఖమును పటమునకు అతి సమీపముగా చేర్చి చిత్రించుట ఆయనకు అలవాటయ్యెను.

ఇట్టి బాలునికి చిత్రకళ తగదని యెంచుట లోకసహజము. కాని ఆయన మానలేదు, ఇంటివారును మాన్పింపలేదు. చిత్రకళా పాఠశాలలలో శిక్షణము పొంది, పదునాఱవయేట, క్రైస్తవ దేవాలయముల కిటికీలకు రంగుటద్దముల చిత్రములు చేయు ఒక సంస్థలో ఆయన పనికి కుదిరెను. అందు జంతువులను, పుష్పములను గీయుట ఆయన వంతు. 1892లో తండ్రి మరణించెను. పిమ్మట పత్రికలకును పుస్తకములకును బొమ్మలు వ్రాసి జీవించుచు, తీఱికవేళల జంతుప్రదర్శనశాలలో సింహములయొద్దను పులులయొద్దను కూర్చుండి వాని నడకను, కూర్చుండు తీరును, కండరముల కదలికను గమనించెను. ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో చచ్చిన జంతువుల చర్మము నొలుచు గదికి పోయి, చర్మముక్రింద కండయు, కండక్రింద ఎముకయు ఎట్లమరియుండునో నేర్చుకొనెను. ఈ విద్యయే తరువాత ఆయనకు జీవనాధారమైనది.

1894లో ఆ ప్రదర్శనశాలయందలి వర్ట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు, పందిని బోలిన యొక పురాతన మృగము బ్రతికియున్నప్పుడు ఎట్లుండెనో గీయగలవా యని నైటును కోరెను. ఉన్నది ఎముకలే. నైటు తానెఱిగిన నేటి పంది శరీరనిర్మాణమును మనస్సున నుంచుకొని, ఆ యెముకలకు కండరములను, కండరములకు చర్మమును కూర్చి చిత్రము సమర్పించెను. శాస్త్రజ్ఞులు సంతసించిరి. అది మొదలు ఆయన జీవితము పురాజంతువులకే ముడివడెను.

ఆయన పని చేయు పద్ధతి మన విద్యార్థులు గమనింపదగినది. మొదట అస్థిపంజరమును కొలుచును. ఏ యెముకపై కండరము లంటియుండిన గుఱుతులు గలవో పరీక్షించును. దానికి సాటియగు నేటి జంతువేదో విచారించును. శాస్త్రజ్ఞులను అడిగి సందేహములు తీర్చుకొనును. అటుపిమ్మట చిన్న ప్రతిమను మలచి, దానిని వెలుతురున నిలిపి, నీడ ఏ వంక పడునో చూచి, ఆ మీదటనే కుంచె చేతబట్టును. ఒక్క చిత్రమునకు ఇంత శ్రమ ఏల యని ఆయన విసుగుకొనలేదు. మ్యూజియములో నెలజీతపు ఉద్యోగము స్వీకరింపక స్వతంత్రుడై యుండుటచే ధనపుటిబ్బందులు ఆయనను తఱచు బాధించెను. అయినను పనిలో తొందరపాటునకు చోటియ్యలేదు.

1897లో ఆయన ఫిలడెల్ఫియా నగరమునకు పోయి ఎడ్వర్డు కోపు అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుని దర్శించెను. కోపు అప్పటికి వ్యాధిగ్రస్తుడు. ఆ యేప్రిలు మాసముననే మరణించెను. మరణమునకు ముందు ఆయన తన యెఱిగిన దెల్ల ఈ యువకునికి తెలిపెను. ఆ సంభాషణల ఫలముగా నైటు లేలాప్సు అను మాంసాహారుల చిత్రమును వ్రాసెను. అందు ఒకటి వెల్లకిల పడి గోళ్ళు చాచి యుండగా, రెండవది గాలిలోనికెగిరి దానిపై దుముకుచున్నది. లేలాప్సు అను పేరు అంతకుముందే యొక చిన్న పురుగున కీయబడి యుండుటచే ఆ మృగమును నేడు డ్రిప్టోసారసు అందురు. రాక్షసబల్లులనగా కదలలేని మందజంతువులని లోకము తలచు కాలమున, ఇట్లు చురుకుగా ఎగురు రూపమును చూపుట సాహసమే. 1969లో ఆస్ట్రమ్ అను శాస్త్రజ్ఞుడు డైనోనికసు అను జంతువును వర్ణించిన తరువాత, ఈ జీవులలో కొన్ని మిక్కిలి చురుకైనవని శాస్త్రలోకము మరల తలచసాగెను. నైటు చిత్రమునకును దీనికిని నడుమ డెబ్బది రెండేండ్లు గడచినవి.

న్యూయార్కు ప్రదర్శనశాలయందలి హెన్రీ ఆస్‌బరను నైటునకు గొప్ప పోషకుడు. టిరానోసారసు రెక్సు అను పేరును 1905లో పెట్టినది ఈయనయే. మరుసటి సంవత్సరమే నైటు దాని రూపమును చిత్రించెను. 1926లో చికాగోలోని ఫీల్డు మ్యూజియము వారు ఆయనకు 28 పెద్ద గోడచిత్రములు వ్రాయు పని యప్పగించిరి. టిరానోసారసును, మూడుకొమ్ముల ట్రైసెరటాప్సును ఎదురెదురుగా నిలిపిన చిత్రము వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. పాఠ్యపుస్తకములలోను, బొమ్మలలోను, తపాలాబిళ్ళలలోను మనము చూచు అనేక రూపములకు ఆయన చిత్రములే మూలము.

సినిమావారికిని అవియే ఆధారములైనవి. 1925లో వెలువడిన ది లాస్ట్ వరల్డు అను మూగచిత్రమునకును, 1933లో వెలువడిన కింగ్ కాంగు అను చిత్రమునకును మృగములను కదలించినవాడు విల్లిస్ ఓబ్రయను. ఆయన తోడివాడగు మార్సెల్ డెల్‌గాడో, నైటు చిత్రములను ముందుంచుకొని బొమ్మలను చేసెను. లోహపు కీళ్ళుగల అస్థిపంజరముపై స్పంజిని, రబ్బరును కండరములవలె అమర్చి, వానిని వెండ్రుకవాసి కదల్చి యొక ఛాయాచిత్రము, మరల కదల్చి మఱియొక ఛాయాచిత్రము తీయుదురు. సెకనునకు 24 చొప్పున నిమిషమునకు 1,440 ఛాయాచిత్రములు కావలయును. ఇట్లు నైటు నిశ్చలముగా నిలిపిన మృగములు తెఱపై నడచెను.

ఆ రూపములతోపాటు ఆ కాలపు పొరపాట్లును తెఱపైకి నడచినవి. నైటు 1897లో బ్రొంటోసారసును నీటిలో సగము మునిగినట్లు చిత్రించెను. అంత బరువు నేలపై నిలువజాలదని నాటి పండితుల యభిప్రాయము. దాని కాళ్ళు ఏనుగుకాళ్ళవలె స్తంభములని, అది నేలపై తిరుగునదేయని 1970 ప్రాంతమునుండి శాస్త్రజ్ఞులు స్థిరపఱచిరి. ఈ దీర్ఘగ్రీవ జంతువుల బంధువులు మన తెలుగునేలపైనను సంచరించినవి. గోదావరీ ప్రాంతమున యామన్‌పల్లికడ దొరకిన యెముకలను పరిశీలించి యాదగిరిగారు 1988లో కోటసారసు అను పేరు పెట్టిరి. ఆ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున నిలుపబడినది. దాని కాళ్ళను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును.

అట్లే టిరానోసారసును నాటివారు నిలువుగా నిలిపి, తోకను నేలపై ఈడ్చునట్లు చూపిరి. న్యూయార్కు ప్రదర్శనశాలలో 1915లో నిలిపిన అస్థిపంజరము నిట్లే అమర్చి, చేతి యెముకలు లభింపనందున వేఱొక మృగము ననుసరించి మూడు వ్రేళ్ళు పెట్టిరి. దాని శరీరము నేలకు సమాంతరముగా నుండునని, తోక త్రాసుపలుగువలె వెనుకకు చాచియుండునని తెలిసిన పిమ్మట, 1995లో అస్థిపంజరమును విప్పి తిరిగి యమర్చిరి. వ్రేళ్ళు రెండే.

ఇచ్చట మేము ముఖ్యముగా చెప్పదలచిన యొక భేదము కలదు. తెలియక చేసిన తప్పు వేఱు. తెలిసియు ఉంచుకొన్న తప్పు వేఱు. నైటు తప్పులు ఆ కాలపు శాస్త్రమునకున్న పరిమితులు. సినిమాలలో అట్టివియు కలవు, రెండవవిధమువియు కలవు. కింగ్ కాంగులో బ్రొంటోసారసు మనుష్యులను వెంటాడి చంపును. దాని దంతములు ఆకులు త్రెంచుటకే తగినవని అప్పటికే తెలియును. 1940లో వెలువడిన ఫాంటేసియా చిత్రమున టిరానోసారసు స్టెగోసారసుతో పోరును. ఆ రెండింటి నడుమ సుమారు 8 కోట్ల సంవత్సరములు కలవు. అనగా టిరానోసారసు స్టెగోసారసునకంటె మనకే కాలమున సమీపమైనది!

1993లో వెలువడిన జురాసిక్ పార్కు చిత్రమును ఈ దృష్టితోనే పరిశీలింపవచ్చును. జాక్ హార్నరు అను శాస్త్రజ్ఞుని సలహా తీసికొని, టిరానోసారసును తోకయెత్తి నడచునట్లు సరిగా చూపిరి, ఇది మెచ్చదగినది. కాని అందలి వెలోసిరాప్టరు మనుష్యునియంత యెత్తు. నిజమునకది టర్కీకోడియంత పక్షిబోలు జంతువు, తోకతో కలిపి సుమారు రెండు మీటర్ల పొడవు. దానికి 1924లోనే పేరు పెట్టినవాడు నైటు పోషకుడగు ఆస్‌బరనే. కనుక దాని పరిమాణము అప్పటికి డెబ్బదియేండ్లుగా తెలిసినదే. ఈకల సంగతి వేఱు. చైనాలో ఈకలవంటి నూగుగల చిన్న డైనోసారు 1996లో వెల్లడియైనది. వెలోసిరాప్టరు ముంజేతి యెముకపై ఈకలు నాటుకొనిన బుడిపెలు 2007లో గుఱుతింపబడినవి. 1993 నాటి వారికి ఇది తెలియదు, వారిని తప్పుపట్టరాదు. 2015లో వెలువడిన జురాసిక్ వరల్డు చిత్రమునందును ఆ జంతువులను ఈకలు లేకయే చూపుట తెలిసి చేసినపని. ప్రజలకు అలవాటైన రూపము సత్యముకంటె బలమైనదయ్యెను. 2022లో వచ్చిన చిత్రమున మాత్రము ఈకలుగల జంతువొకటి కనబడును.

కథకొఱకు కల్పన చేయుట దోషము కాదు. సినిమా పాఠ్యపుస్తకము కాదని మేమును ఎఱుగుదుము. కాని కల్పనయని తెలియక సత్యమని నమ్ముటవలన నష్టము కలదు. ఒక్క చిత్రము కోట్లాది మనస్సులలో ముద్రపడును. దానిని దిద్దుటకు ఎన్ని పుస్తకములైనను చాలవు. నైటు అంత జాగ్రత్తపడి గీసిన రూపమందలి దోషములే అర్ధశతాబ్దము నిలిచినవి గదా! జాగ్రత్త లేనివారి మాట చెప్పనేల?

కడపటి సంవత్సరములలో నైటు చూపు మఱింత క్షీణించెను. అయినను 1946లోను 1947లోను పురాజంతువులను గూర్చియు, జంతుచిత్రణమును గూర్చియు గ్రంథములు ప్రకటించెను. 1953వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన న్యూయార్కులో, డెబ్బదియెనిమిదవయేట, ఆయన కాలధర్మము నొందెను. ఆయన గోడచిత్రములు నేటికిని చికాగోలో చూడవచ్చును. వానిలోని కొన్ని రూపములు నేటి శాస్త్రమునకు సరిపడవు. అయినను శాస్త్రజ్ఞులు వానిని గౌరవింతురు. ఎముక చెప్పినదానిని ఆయన యెన్నడును కాదనలేదు. ఎముక మౌనము వహించినచోట మాత్రమే ఊహించెను.

విద్యార్థులారా, మీరు రాక్షసబల్లుల సినిమాకు పోవుటను మేము వలదనము. సంతోషముగా చూడుడు. చూచి వచ్చిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇందు ఎముకలవలన తెలిసినదెంత? చిత్రకారుడు ఊహించినదెంత? తెలిసియు మార్చినదెంత? ఈ ప్రశ్నలు రాక్షసబల్లులకే గాక, మీరు చదువు వార్తలకును, విను మాటలకును వర్తించును. తల్లిదండ్రులును పిల్లలతో కూర్చుండి ఈ విచారణ చేసినచో, మూడుగంటల వినోదము మంచి పాఠముగా మాఱును. మందదృష్టిగల ఒక మనుష్యుడు కోట్ల సంవత్సరముల వెనుకకు అంత శ్రద్ధతో చూడగలిగినప్పుడు, మంచి చూపుగల మనము కన్నులయెదుట నున్నదానిని పరీక్షింపక నమ్ముట తగునా?