సరిచూచు విద్య: ఆలన్ ట్యూరింగ్

ఆలన్ ట్యూరింగ్ 1912 జూన్ 23వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో సివిల్ సర్వీసు ఉద్యోగి. మాతామహుడు ఎడ్వర్డు స్టోనీ మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు; తుంగభద్రపై వంతెన కట్టించినవాడు. తల్లిదండ్రులు ఈ దేశమున నుండగా బాలుడు ఇంగ్లండులో పరాయి యింట పెరిగెను.

1936లో ట్యూరింగ్ ప్రకటించిన వ్యాసము గణితవేత్తల యాశ నొకదానిని తుంచివేసెను. కాగితపు పట్టీపై అంకెలు వ్రాయు యంత్రము నొకదానిని ఆతడు ఊహించెను. అట్టి యంత్రము ఏదైనను చిక్కున పడక నిరంతరము సాగునో లేదో ముందుగా తేల్చు సార్వత్రిక విధానము లేదని నిరూపించెను. యుద్ధకాలమున జర్మనుల రహస్యలిపిని ఛేదించుటలో ఆతని పాత్ర జగద్విదితమే.

అంతగా వినబడనిది 1949 నాటి ముచ్చట. ముప్పదియేడవ జన్మదినము గడచిన మరునాడు, జూన్ 24న, కేంబ్రిడ్జిలో జరిగిన సమావేశమున ఆతడొక చిన్న ప్రసంగము చేసెను. గణనయంత్రమునకై వ్రాసిన పెద్ద ప్రోగ్రాము సరియైనదని యితరులకు నమ్మిక కలిగించుట యెట్లు? పెద్ద కూడికలో మొత్తము మాత్రమే చూపినచో, పరీక్షించువాడు లెక్కనంతయు మరల చేయవలసివచ్చును. పై స్థానమునకు మోసిన అంకెలను గూడ వ్రాసియుంచినచో, నిలువు వరుసలను విడివిడిగా చూచుకొనవచ్చును. ప్రోగ్రామునకును ఇదే మార్గము. నడుమనడుమ, ఆ ఘట్టమున ఏ గడిలో ఏ విలువ యుండవలెనో ప్రతిజ్ఞగా వ్రాయవలెను. ఒక ప్రతిజ్ఞనుండి మరియొకదానికి పోవు మెట్టు సరియైనచో చాలును. గుణకారము లేక కూడికలతోనే క్రమగుణితమును కట్టు ప్రోగ్రామును ఆతడు ఉదాహరించెను. అది ఆగునా? అడుగడుగునకును తరుగుచుపోవు రాశి నొకదానిని చూపినచో ఆగితీరును. అన్నిటికిని చెల్లు తీర్పరి లేడని చాటినవాడే ఒక్కొక్కదానికి సాక్ష్యము సమకూర్చు దారి చూపెను. నేడు షరతులనుబట్టి ప్రోగ్రాములను యంత్రముచేతనే కట్టించి సరిచూపించు విద్యకును ఇట్టి ప్రతిజ్ఞలే ఆధారము.

1952లో, మరియొక పురుషునితోడి సంబంధమునకుగాను, ఆనాటి ఆంగ్లశాసనము ఆతనిని నేరస్థుని గావించెను. చెఱకు బదులుగా హార్మోను చికిత్సకు ఒడంబడవలసివచ్చెను. 1954 జూన్ 7న విల్మ్‌స్లోలోని స్వగృహమున సయనైడు విషముచే మరణించెను. ఆత్మహత్యయని విచారణలో నిర్ణయించిరి. 2013లో రాణి క్షమాభిక్ష ప్రసాదించెను. క్షమింపవలసిన నేరమేమో ఆ శాసనమునకే తెలియవలెను.

కేంబ్రిడ్జి ప్రసంగపాఠము మాత్రము అచ్చుతప్పులతో నిండి, చదువరులకు కొఱుకుడు పడలేదు. సరిచూచుటనుగూర్చిన వ్యాసమునే సరిచూచినవారు లేకపోయిరి! అవే భావములను 1967లో ఫ్లాయిడ్, 1969లో హోర్ వేఱుగ కనుగొని ప్రకటించిరి. 1984లో మోరిస్, జోన్స్ అను పండితులు తప్పులు దిద్ది ట్యూరింగ్ పాఠమును మరల వెలువరించిరి.