స్వర్గీయ బూర్గుల రామకృష్ణారావు గారు

హైదరాబాదులో ప్రభుత్వోద్యోగం చేసినవారిలో బి.ఆర్.కె.ఆర్. భవన్ పేరు తెలియనివారు ఉండరు. కొత్త సచివాలయం కడుతున్నప్పుడు, 2023 వరకు, సచివాలయమే అక్కడ నడిచింది. ఆ పొడి అక్షరాల వెనుక ఉన్న పెద్దమనిషిని మన పిల్లలకు పరిచయం చేయడం మన విధి.

బూర్గుల వారు 1899 మార్చి 13న నాటి మహబూబ్‌నగర్ జిల్లా పడకల్లులో జన్మించారు. పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, బొంబాయి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకాల్లో పండితులు. పి.వి. నరసింహారావు గారు ఆయన వద్ద జూనియరుగా పనిచేశారు. 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు వెళ్ళారు.

1950లో వెల్లోడి ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. ఆ ఏడాదే కౌలుదారీ చట్టం వచ్చింది. 1952లో షాద్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికై, హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. రక్షిత కౌలుదారును భూమికి యజమానిని చేసే 38-ఇ సెక్షన్ ఆయన హయాంలో వచ్చినదే. రెవెన్యూ శాఖలో పనిచేసిన మిత్రులకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆయన పాలనలో మాయని మచ్చ కూడా ఉంది. స్థానికుల ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయని 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమం లేచింది. నగరంలో పోలీసు కాల్పులకు ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి గారిచేత విచారణ జరిపించింది.

అసలు పరీక్ష 1955లో ఎదురైంది. ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి వేరుగా ఉంచమన్నది. తెలంగాణలో ఎక్కువమంది కోరిక అదేనని బూర్గుల వారు కాంగ్రెస్ అధిష్ఠానానికి తెలియజేశారు. అధిష్ఠానం విలీనానికే మొగ్గడంతో ఆ నిర్ణయానికి తలవంచారు. అయితే ఉత్తచేతులతో ఒప్పుకోలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాలకు, నిధులకు రక్షణలు రాయించినవారిలో ఆయన ఒకరు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆయన ఏలిన రాష్ట్రమూ లేదు, ముఖ్యమంత్రి పదవీ లేదు. శాసనసభలో ఆయన ప్రస్థానం ఆ ఒక్కసారితోనే ముగిసింది.

తరువాత కేరళ, ఉత్తరప్రదేశ్‌లకు గవర్నరుగా, 1962 నుంచి రాజ్యసభ సభ్యులుగా పనిచేసి 1967 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆ ఒప్పందం అమలు కాలేదన్న ఆవేదనే 1969లో ఉద్యమమైంది, 2014లో తెలంగాణ రాష్ట్రమైంది. పదవి పోతుందని తెలిసీ, తనవారి ఉద్యోగాల కోసం కాగితం మీద హామీ అడిగిన ఆ న్యాయవాదికి మన నివాళి.