కీర్తిశేషులు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు

ప్రతివర్షమును మన మహాసభా సంచికయందు సీమకు పేరు తెచ్చిన పెద్దలలో నొకరి చరిత్రమును ప్రకటించుట వాడుకగా నున్నది. ఈ యేడు మేము కడప జిల్లా పులివెందుల ప్రాంతమందలి కొత్తపల్లెలో 1908వ సంవత్సరము నవంబరు 16వ తేదీన జన్మించిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారిని గూర్చి వ్రాయనెంచితిమి. లోకము వారిని బి. ఎన్. రెడ్డి యని యెరుగును. ఊరిపేరు చెప్పినగాని వారు మనవారని తెలియని పిన్నవాండ్రు నేడు మన యిండ్లలోనే కలరు. మల్లీశ్వరి పాటలు మాత్రము వారికిని తెలియును. నరసింహారెడ్డిగారిని పొగడుట ఈ వ్యాసమున మా పని కాదు. పొగడ్తలను వారు బ్రదికియుండగనే కావలసినన్ని పొందిరి. జనుల అభిరుచి పదేండ్లకొకసారి మారిపోవుచుండగా ఒక్క మనుష్యుడు ముప్పదియేండ్లు దానితో నెట్లు వేగెనో చెప్పుటయే మా యుద్దేశము.

వారు పుట్టిన కాలమున కడప, కర్నూలు జిల్లాలలో వినోదమనగా తోలుబొమ్మలాట, వీధిభాగవతము, హరికథ. అన్నిటికి మించి నాటకము. తెలుగునాట నాటకమునకు గొప్ప పుట్టినిల్లు కడప జిల్లాలోనే కలదు. 1885లో సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధ నాడించిరి. తరతరములుగా తోలుబొమ్మలాడించిన కుటుంబములవారు బొమ్మలను పక్కనబెట్టి తామే వేషములు కట్టిన దినమది. ఆ గ్రామము పేరే వారి నాటకసమాజములకు పేరయ్యెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు నాటకములు వ్రాసి యాడించుచుండిరి. తాడిపత్రిలో పుట్టిన రాఘవగారు నటనలో అద్వితీయులని పేరుగాంచిరి. హార్మోనియము లేని యూరు, పద్యము నోటికి రాని పడుచువాడు లేరన్నట్లుండెడి కాలమది. మన పెద్దలు నాటకము చూచుటకై బండ్లు కట్టుకొని నాలుగామడ పోయి, తెల్లవారి మరల యింటికి చేరుచుండిరని మేము చిన్నతనమున వినియుంటిమి.

1932లో తొలి తెలుగు మాటల చిత్రము భక్త ప్రహ్లాద వచ్చినది. దానికి మూలము ధర్మవరమువారి నాటకమే; లీలావతి వేషము వేసినది సురభి కమలాబాయిగారే. అనగా సినిమా నాటకమును ఒక్కపెట్టున చంపలేదు. మొదట దాని కథలు పుచ్చుకొనెను, పిమ్మట దాని నటులను పుచ్చుకొనెను, తుదకు దాని ప్రేక్షకులను పుచ్చుకొనెను. 1936లో ద్రౌపది వస్త్రాపహరణ కథనే పోటీబడి రెండు కంపెనీలవారు చిత్రములుగా తీసిరి. అందొక దానిలో రాఘవగారు దుర్యోధనుడు. అంతటివారు నటించిన చిత్రమే ఆ పోటీలో ఓడినది. తరువాత వారు రైతుబిడ్డ, చండికలలో మాత్రము కనబడి 1946లో పరమపదించిరి. రంగస్థలమున సింహమైనవారికి కెమెరాముందు మూడు చిత్రములే దక్కినవన్నమాట.

నరసింహారెడ్డిగారు ఈ రెండు యుగముల సంధిలో యువకులైరి. వారిది వ్యవసాయ కుటుంబము, వర్తక కుటుంబమును. మన సీమలో ఎర్రగడ్డలని పిలుచు ఉల్లిగడ్డలను మద్రాసునుండి బర్మాకు ఎగుమతిచేయు వ్యాపారము వారింట నుండెను. ఆ పనిమీదనే కుటుంబము మద్రాసు చేరినది. వారికి నాలుగేండ్లు చిన్నవారైన తమ్ముడు నాగిరెడ్డిగారు వర్తకమున చేయితిరిగినవారు. అన్నగారి మనస్సు మాత్రము నాటకములమీదను, సాహిత్యముమీదను నుండెను. అన్నదమ్ముల యీ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

1938లో రోహిణీవారి గృహలక్ష్మి చిత్రమున హెచ్. ఎం. రెడ్డిగారితో వారు భాగస్వాములైరి. అదియు రంగూన్ రౌడీ యను నాటకమునుండి పుట్టినదే. కాని కథ మాత్రము పురాణము కాదు. మధువు, వేశ్యాలోలత కొంపలు కూల్చుటను గూర్చిన కథ. ఆ యేడే గూడవల్లి రామబ్రహ్మముగారి మాలపిల్ల విడుదలయినది. కిరీటములు, గదలు చూచి చూచి విసిగిన జనులు తమవంటి మనుష్యులు తెరమీద మాటలాడగా వినుటకు సిద్ధమైరి. పిమ్మట నరసింహారెడ్డిగారు వేరుపడి వాహినీ సంస్థ నెలకొల్పిరి. తాడిపత్రివారైన మూలా నారాయణస్వామిగారు, కె. వి. రెడ్డిగారు అందు తోడైరి. రామనాథ్, శేఖర్ గారలు ఛాయాగ్రహణమును, కళను చూచిరి. సముద్రాల రాఘవాచార్యులవారు మాటలు, పాటలు వ్రాసిరి. సీమవారి పట్టుదలయు ఇతరుల నైపుణ్యమును కలసిన కూటమి అది.

1939లో వందేమాతరము వచ్చినది. నరసింహారెడ్డిగారు స్వయముగా దర్శకత్వము వహించిన మొదటి చిత్రము. నాగయ్యగారు, కాంచనమాలగారు నాయకీనాయకులు. కథలో రాక్షసుడు లేడు, శాపము లేదు. చదువుకొని ఉద్యోగము దొరకని కుర్రవాడు, కట్నపు బాధ, భార్యాభర్తల ఎడబాటు మాత్రమే. మరుసటియేడు సుమంగళి, 1941లో దేవత. ఒకటి వితంతువుల దుఃఖమును గూర్చినది, రెండవది ఇంటి పనిపిల్లకు జరిగిన యన్యాయమును గూర్చినది. సుమంగళికి పెద్దల మెప్పు వచ్చినంతగా డబ్బు రాలేదు. దేవతకు రెండును వచ్చినవి. మూడేండ్లలో మూడు చిత్రములు తీసి వాహినీ యనిన నాణ్యమునకు గుర్తనిపించిరి. ముప్పదులలోని పౌరాణిక చిత్రములను వెనుకకు నెట్టినవారిలో వీరొక ముఖ్యులు.

ఇచ్చట ఒకమాట దాచక చెప్పవలెను. వాహినీవంటి సంస్థలు వృద్ధిలోనికి వచ్చుటచేతనే పల్లెపల్లెకు డేరా సినిమాలు వచ్చి, నాటకసమాజముల అన్నము పోయినది. సురభివారి కుటుంబములు కొన్ని చెదరినవి. కొందరు సినిమాలలో చిన్నవేషములకు చేరిరి. నిలిచినవారు నేటికిని నాటకములాడుచున్నారు. ఒకచోట దీపము వెలిగించుటకు మరియొకచోట నూనె తీసికొనకతప్పలేదు. నరసింహారెడ్డిగారికి ఇది తెలియదనుకొనుట పొరపాటు. ఏలయన వారు 1945లో తీసిన స్వర్గసీమ కథ యించుమించు ఇదియే.

ఆ నడుమ యుద్ధము. ముడిఫిల్ము కరవై, చిత్రములు పదునొకండు వేల అడుగులకు మించరాదని ప్రభుత్వమువారు నిర్బంధించిరి. నాలుగేండ్ల విరామము తరువాత వచ్చిన స్వర్గసీమలో సుబ్బి యను వీధియాటల పిల్ల కలదు. ఒక పత్రికా సంపాదకుడు ఆమె పాట విని, పట్టణమునకు తెచ్చి, సుజాతాదేవి యను పేరుపెట్టి రంగస్థలమున నిలుపును. ఆమె పేరు మారును, నడక మారును, మాట మారును. ఆ మెరుపులో పడి సంపాదకుడు తన యింటిని మరచును. భానుమతిగారు సుబ్బిగను, సుజాతగను కనబడిన తీరు చూచినవారు మరువజాలరు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠము తొలిసారి సినిమాలో వినబడినదియు ఇందే. ఊరి వీధిలో పుట్టిన పాట పట్టణపు వెలుగులో ఏమగునో చెప్పిన యీ చిత్రమును మేము వారి కృతులన్నిటిలోను మిక్కిలి నిజాయితీ గలదిగా తలంతుము. మల్లీశ్వరిని మించినదని మాత్రము అనజాలము. అందుకు మా మనస్సు ఒప్పదు.

మల్లీశ్వరికి ముందు మరియొక సంగతి. 1928 నవంబరులో కర్నూలు జిల్లా నంద్యాలలో జరిగిన సభయందు, దత్తమండలములను పాతపేరు విడిచి, చిలుకూరి నారాయణరావుగారి సూచనమీద మన ప్రాంతమునకు రాయలసీమ యను పేరు పెట్టుకొంటిమి. నరసింహారెడ్డిగారికి అప్పుడు ఇరువదియేండ్లు. రాయలపేరు ధరించిన సీమనుండి వచ్చినవారే ఇరువదిమూడేండ్ల తరువాత రాయలను తెరమీదికి తెచ్చిరి. హంపి శిథిలములు వారిని చిరకాలము వెంటాడినవి. బుచ్చిబాబుగారి నాటిక కొంత, మరియొక కథ కొంత యాధారముగా కథ యల్లిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని సినిమాకు రప్పించిరి. సాలూరు రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చిరి. వానకు సత్రములో తలదాచుకొన్న పల్లెపడుచు మల్లికి పల్లకి పంపుమని నాగరాజు మారువేషమున నున్న రాయలవారిని వేళాకోళమునకు కోరును. పల్లకి నిజముగనే వచ్చును. రాణివాసము దొరకును, బావ నాగరాజు దూరమగును. చిత్రము చైనాదేశమునను ప్రదర్శింపబడినది.

అది విడుదలయినది 1951 డిసెంబరులో. అదే సంవత్సరము మార్చిలో పాతాళభైరవి వచ్చియుండెను. దాని దర్శకులు వాహినీలోనే పెరిగి, నరసింహారెడ్డిగారి ప్రోత్సాహముననే దర్శకులైన కె. వి. రెడ్డిగారు. దాని నిర్మాతలు తమ్ముడు నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు. కథానాయకుడు రెండింటను నందమూరి తారక రామారావుగారే. తోటరాముని సాహసములు, మాంత్రికుని మాయలు చూచుటకు జనము తిరునాళ్లకు వచ్చినట్లు వచ్చిరి. మల్లీశ్వరికి అంతటి సమ్మర్దము లేకపోయెను. దాని కీర్తి మెల్లమెల్లగా, ఏండ్లు గడచినకొలది పెరిగినది. యాబదులలో వినోదము ఏ దారిని పోవునో పాతాళభైరవి తేల్చివైచెను. ఆ దారి నరసింహారెడ్డిగారి యింటిగుమ్మమునుండియే బయలుదేరుట విచిత్రము.

వాహినీ స్టూడియో నిర్వహణము సహితము తమ్ముని చేతికి పోయినది. నాగిరెడ్డిగారి దక్షతచే విజయా వాహినీ స్టూడియోలు దేశమునందే పేరుపొందినవి. అన్నగారు స్టూడియో యజమానులు కాక, చిత్రకారులుగనే మిగిలిరి. ఇందు ఒకరిని తప్పుపట్టుటకు లేదు. కూలికి, నాలికి జీతములిచ్చి ఇంత పెద్ద సంస్థను నడుపుట కావ్యము వ్రాయుటవంటిది కాదు.

తరువాతి చిత్రములను త్వరగా చెప్పుదుము. జార్జి ఎలియట్టుగారి ఆంగ్ల నవలనుండి గ్రహించిన బంగారుపాపలో ఎస్. వి. రంగారావుగారు ఒక మొరటువాని గుండె కరుగుటను చూపిరి. పాలగుమ్మి పద్మరాజుగారు దానికి మాటలు వ్రాసిరి. 1957లో భాగ్యరేఖ. 1960లో రాజమకుటము. ఇది కత్తియుద్ధముల జానపదము, తెలుగు తమిళములలో తీయబడినది. ఈ యొక్కచోట కాలము కోరినదానిని వారును తీసిరి. మాకు ఆ చిత్రమందు చూడదగిన దృశ్యములు కనబడుచున్నవిగాని నరసింహారెడ్డిగారు కనబడుటలేదు. దీనిని కొందరు పెద్దలు మా దుడుకుతనమనవచ్చును. డబ్బు పెట్టినవారికి డబ్బు రావలెను, పనివాండ్రకు పని యుండవలెను. ఇరువదియేండ్లు తన త్రోవనే నడచినవారు ఒకసారి ప్రక్కత్రోవ తొక్కినంత మాత్రమున నింద యేల యనువారికి మాయొద్ద జవాబు లేదు.

మునిపల్లె రాజుగారి నవల యాధారముగా 1964లో పూజాఫలము తీసిరి. 1966లో రంగులరాట్నము. పల్లెనుండి పట్టణమునకు వలసపోయిన యొక కుటుంబపు కథ. ఎన్నికల రచ్చ యందు కలదు. చంద్రమోహను అను క్రొత్త కుర్రవానిని ఇందు పరిచయము చేసిరి. ఉత్తమ తెలుగు చిత్రముగా రాష్ట్రపతి బహుమానము వచ్చినది. ఆ యేడే గూఢచారి 116 విడుదలయినది. పిస్తోలు చేతబట్టి, సూటు తొడిగి, మోటారుకార్లలో తరుముకొనుచు వచ్చిన కృష్ణగారిని చూచి కుర్రకారు కేరింతలుకొట్టిరి. మా బాల్యపు డేరా సినిమాలో ఇసుక కుప్పజేసి యెత్తుగా కూర్చుండి మేమును కేరింత కొట్టినవారమే. రంగులరాట్నము మా యూరి డేరాకు వచ్చి రెండు దినములలో లేచిపోయినది. ఇంటిలోని ఆడవారు మూడవనాడు బయలుదేరి, డేరాముందు క్రొత్త వాల్‌పోస్టరు చూచి మరలివచ్చిరి. మా పెదనాయనగారు ఆ రాత్రి భోజనము వేళ మమ్ము నొక్కమాటయు అనలేదు. అనియుండిన బాగుండెడిది.

1969లో బంగారుపంజరము వచ్చినది. వారి పదునొకండవ చిత్రము, కడపటిదియు అదియే. ముప్పదియేండ్లలో పదునొకండు. ఒక్క యేట అంతకు మించి చిత్రములలో నటించు కథానాయకులు వచ్చుచున్న కాలమున ఈ లెక్క వింతగా తోచును. అంతతో వారు దర్శకత్వము చాలించిరి. సన్మానములు మాత్రము అప్పుడే వరుసగా వచ్చినవి. 1974లో పద్మభూషణము, ఆ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారము. దక్షిణదేశమున ఆ పురస్కారమును మొట్టమొదట పొందినవారు మన కడప జిల్లావారు. పండ్రెండేండ్ల తరువాతి పురస్కారము నాగిరెడ్డిగారికి వచ్చినది. ఒక తల్లి బిడ్డలలో ఇద్దరికి ఆ గౌరవము దక్కుట మన జిల్లాకు దొరకిన యరుదైన భాగ్యము. సభలకు పిలిచి శాలువలు కప్పినవారు పెక్కుమంది యుండిరి. పండ్రెండవ చిత్రము మాత్రము రాలేదు.

వడపళనిలోని స్టూడియోలును తరువాత మిగులలేదు. ఆ స్థలమున ఆసుపత్రియు, అంగళ్ల మేడయు లేచినవి.

నరసింహారెడ్డిగారు 1977వ సంవత్సరము నవంబరు 8వ తేదీన మద్రాసులో కాలధర్మము నొందిరి. అరువదితొమ్మిది నిండుటకు ఎనిమిది దినములు కొరత. ఆ యేడు ఏప్రిలులో విడుదలయిన అడవిరాముడు రంగులలో, సినిమాస్కోపు తెరమీద, ఊరూర జనమును త్రొక్కిసలాడించినది. అందలి కథానాయకులు మల్లీశ్వరిలో నాగరాజు వేషము వేసిన రామారావుగారే.